తెర వెనక ఇద్దరు

1990 మే 14, సోమవారం

బూడిదరంగు కుందేలు ఏడు పిల్లల్ని పెట్టింది. ఏడూ బతికేటట్టే ఉన్నాయి.

ఈ గట్టి అట్టల పుస్తకం ఊరి కమిటీ ఆఫీసు బీరువాలో ఖాళీగా పడి ఉంటే తెచ్చుకున్నాను. కిందటి నవంబరులో కమ్యూనిస్టు పార్టీని దించి వచ్చిన కొత్తవాళ్ళకి ఇలాంటివి అక్కర్లేదట. ముప్పై ఏళ్ళు మీటింగుల మినిట్సు రాసిన చెయ్యి ఊరికే ఉండమంటే ఉండదు. అందుకని ఇది నా కోసం. మా ఆవిడ యార్మిలా చదువుతుందన్న భయం లేదు. నా దస్తూరీ చూస్తేనే తనకి ఆఫీసు నోటీసు గుర్తొస్తుందట.

ఆఫీసు గోడ మీద పాత నాయకుల బొమ్మలు దించేశారు. మేకులు మాత్రం ఉంచమన్నాను. పీకితే సున్నం రాలుతుంది, రేపు ఎవరి బొమ్మ పెట్టాల్సి వస్తుందో ఎవరికి తెలుసు.

ఇవాళ జిల్లా నుంచి ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. వచ్చే నెల ఎనిమిది, తొమ్మిది తేదీల్లో ఎన్నికలు. "హ్రుష్కొవిత్సె ఊళ్ళో ఎన్నికలు ఎలా జరపాలో మీకు తప్ప ఎవరికీ తెలీదంటున్నారు, కమిటీకి రాతకోతలు మీరే చూడాలి" అన్నాడు. నిజమే మరి. అరవై నుంచీ ప్రతి ఎన్నికా నా చేతి మీదుగానే జరిగింది. అరవై నాలుగులో పొద్దున పది నలభైకల్లా నూటికి నూరు ఓట్లు వేయించాం. జిల్లాలో మేమే ఫస్టు. అప్పుడిచ్చిన గోడగడియారం వంటింట్లో ఇప్పటికీ ఆడుతోంది.

సరే అన్నాను. మనసు హాయిగా ఉంది.

మే 16

ఎన్నికల కమిటీకి చైర్మన్ ఒల్ద్రిఖ్ షెబెస్తా అట.

మే 17

నిన్న ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

ఒల్ద్రిఖ్, నేను ఒకే బెంచీ మీద చదువుకున్నాం. మా ఊరి బ్యాండులో పెద్ద బాకా వాడిదే. మనిషిని వెనకనుంచి చూస్తే బాకాయే నడిచి వస్తున్నట్టు ఉంటుంది. పట్నం సంగీతం బడిలో పంతులుగా ఉండేవాడు. డెబ్బై ఆరు అక్టోబరు ఎన్నికల్లో తెర వెనక్కి వెళ్ళాడు. అదే వాడి పెట్టుబడి ఇప్పుడు. "ఈ ఊళ్ళో ఆ రోజుల్లో ఒంటరిగా తెర వెనక్కి వెళ్ళిన మగాడు ఒక్కడే" అని ఇప్పుడు అధికారంలోకి వచ్చిన ఫోరం వాళ్ళు వాణ్ణి చైర్మన్‌ని చేశారు.

ఆ తెర పెట్టే చోటు ఎంచింది నేనే. హాలు చివర, పొయ్యి అవతల మూల. ఓటు కాగితం ఇచ్చే బల్ల నుంచి పదకొండు అడుగులు. ఏడో అడుగు దగ్గర చెక్క కిర్రుమంటుంది, హాల్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పుతారు. ముందు రబ్బరు మొక్క కుండీ. లోపల పెన్సిలు ఉండదు, అది నా జేబులో ఉండేది. కాగితం మీద ఉండే పేరు ఒక్కటే. ఇష్టమైనవాడు మడిచి పెట్టెలో వేస్తాడు, ఇష్టం లేనివాడు తెర వెనక్కి వెళ్ళి కొట్టేస్తాడు. చట్టం ప్రకారం ఏ లోటూ లేదు. ఎవ్వరూ వెళ్ళేవాళ్ళు కాదు, అంతే.

డెబ్బై ఆరులో సాయంత్రం పెట్టె తెరిస్తే నాలుగు వందల పన్నెండు కాగితాల్లో ఒక్కదాని మీద పేరు కొట్టేసి ఉంది. గోధుమరంగు గీత, కాస్త జిడ్డుగా. ఒల్ద్రిఖ్ ఏ రంగు పెన్సిలో వెంట తెచ్చుకుని ఉంటాడు.

కొత్త సంవత్సరానికి వాడి పంతులు ఉద్యోగం పోయింది. చక్కెర ఫ్యాక్టరీ గోదాములో బస్తాలు లెక్కపెట్టే పనిలో వేశారు. కూతురు వ్లాస్తా తరగతిలో మొదటిది, అయినా హైస్కూల్లో సీటు ఇవ్వలేదు. ఆ పిల్ల రొట్టెల పనిలోకి వెళ్ళింది. ఇప్పుడు ఊరి బేకరీ అంతా తన చేతి మీదే నడుస్తుంది. అలాంటి రై రొట్టె ఈ జిల్లాలోనే దొరకదు. కాబట్టి ఒక రకంగా చూస్తే...

ఒల్ద్రిఖ్ పేరు జిల్లాకి రాసి పంపింది ఎవరో వాడికి తెలియదు. ఊరి కమిటీ పాత చైర్మన్ అనుకుంటాడు. ఆయన జనవరిలోనే కూతురి ఊరు వెళ్ళిపోయాడు, పాపం తిట్లన్నీ ఆయన ఖాతాలోకే పోతున్నాయి. రాసింది నేను. చూసింది రాయడం నా పని. చూసింది రాశాను.

మే 20, ఆదివారం

పంది మాంసం, క్యాబేజీ, పిండి ఉండలు. యార్మిలా చేతి ఉండలు తిన్నాక మనిషికి ఎవరి మీదా కోపం ఉండదు.

తిన్నాక తనే తీసింది మాట.

"ఆ డబ్బా ఇంకా కుందేళ్ళ కొట్టంలోనే ఉందా?"

"ఏ డబ్బా?"

"నా దగ్గరా నీ నాటకాలు? బిస్కెట్ల డబ్బా. నువ్వు పేర్లు రాసుకున్న పుస్తకం. తగలెయ్యి ఆలోయిస్. ఒల్ద్రిఖ్ పక్కన కూర్చుని ఎలా పనిచేస్తావు?"

"అది రికార్డు. రికార్డు తగలెయ్యకూడదు."

"ఓరి నీ రికార్డు తగలెయ్యా!" అని తను గిన్నెలు కడగడానికి లేచింది. వెళ్తూ వెళ్తూ నా బట్టతల మీద చెయ్యి వేసి నిమిరింది. ఎందుకు నిమిరిందో తెలియలేదు. బాగుంది.

మే 24

కమిటీ మొదటి మీటింగు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. మామూలుగానే కూర్చున్నాను.

ఒల్ద్రిఖ్ నన్ను చూసి పెద్దగా నవ్వాడు. "రావోయ్ ఆలోయిస్! నువ్వు లేకపోతే మేం ఓటు పెట్టెకి తాళం ఎటువైపు వెయ్యాలో తెలీక చచ్చేవాళ్ళం. నేను చైర్మన్‌ని, కానీ నాకు తెలిసింది బాకా ఒక్కటే. నువ్వు చెప్పు, నేను ఊదుతా."

కొత్త చట్టం చదివాను. అన్ని పార్టీల కాగితాలూ ఓటరుకి ఇవ్వాలి. ప్రతి ఓటరూ తెర వెనక్కి వెళ్ళి తీరాలి. వెళ్ళనివాళ్ళని ఓటు వెయ్యనివ్వకూడదు.

"అంటే," అన్నాడు ఒల్ద్రిఖ్, "నలభై ఏళ్ళు వెళ్ళినవాణ్ణి పట్టుకున్నాం, ఇప్పుడు వెళ్ళనివాణ్ణి పట్టుకోవాలా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మినిట్సులో నవ్వు రాయలేదు.

జూన్ 3, ఆదివారం

రొట్టె కోసం వెళ్ళాను. వ్లాస్తా పిండి చేతులతోనే గసగసాలు పెట్టిన తియ్యటి రొట్టె, కొలాచ్ ఒకటి కాగితంలో చుట్టి, "ఇది మా నాన్నకి సాయం చేస్తున్నందుకు, బాబాయ్" అని చేతిలో పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. మోచేతుల దాకా కాలిన మచ్చలు.

"బాబాయ్, ఒకటి అడగనా? డెబ్బై ఆరులో మీరు హాల్లోనే ఉన్నారుగా. నాన్న తెర వెనక్కి వెళ్ళినప్పుడు ఎలా నడిచాడు?"

"ఎలా అంటే?"

"ఠీవిగా నడిచాడా? భయపడ్డాడా?"

"ఠీవిగానే నడిచాడమ్మా."

"అది చాలు. సీటు రానప్పుడు చాన్నాళ్ళు ఏడ్చాను. అప్పుడల్లా కళ్ళు మూసుకుని అదే ఊహించుకునేదాన్ని. మా నాన్న అందరి ముందూ అలా నడుచుకుంటూ వెళ్ళడం."

కొలాచ్ ఇంటికి తెచ్చి యార్మిలాకి ఇచ్చాను. నాకు ఆకలిగా లేదన్నాను.

కుందేలు పిల్లలు గూడు దాటి బయటికొచ్చాయి.

జూన్ 7, గురువారం

హాలు సిద్ధం చేశాం. జెరేనియం కుండీలు, తెల్ల గుడ్డలు. పాత ఎర్ర గుడ్డలు బల్ల కాళ్ళ కింద సర్దుకి పనికొచ్చాయి. తెర కూడా అదే. డాక్టరు గారు నెలకోసారి వచ్చినప్పుడు వాడుకునే మడత తెర, గోధుమరంగు గుడ్డది. ఒల్ద్రిఖ్ దాన్ని విప్పుతూ విప్పుతూ నవ్వడం మొదలుపెట్టాడు. బాకా ఊదే పొట్ట ఊగిపోతుంటే కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైందిరా?"

"ఈ తెర చూస్తే నా ప్యాంటు గుర్తొస్తుందిరా."

చెప్పాడు. ఆ రోజు పొద్దున ఆరింటి నుంచీ బ్యాండు వాయించారు, ఓటర్లకి హుషారు కోసం. కప్పులకొద్దీ వేడి ప్లమ్ సారా. ఓటు కాగితం తీసుకునేసరికి వాడి ప్యాంటు గుండీ తెగి ఎగిరిపోయింది. ఎదురుగా సగం ఊరు, పక్కన బడిపిల్లలు పూలగుత్తులతో. ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో కాగితం పట్టుకుని, కనిపించిన ఒకే ఒక చాటులోకి వెళ్ళాడు. బ్యాండు చొక్కాకి ఉన్న పిన్నీసు ఊడదీసి ప్యాంటుకి పెట్టుకుని బయటికొచ్చి కాగితం పెట్టెలో వేశాడు.

"మరి పేరు కొట్టెయ్యలేదా?"

"కొట్టెయ్యడానికి పెన్సిలేదిరా? అది నీ జేబులో ఉండేదిగా!"

"జిల్లా వాళ్ళు పిలిచినప్పుడు చెప్పలేదా?"

"చెప్పాను. గుండీ అన్నాను. అబద్ధంలో కూడా పొగరు చూపిస్తున్నాడని ఫైల్లో రాసుకున్నారు. ఇప్పుడు ఫోరం వాళ్ళకీ చెప్పాను. ఎంత వినయమో చూడండి అంటున్నారు! నిజం చెప్తే నమ్మే ప్రభుత్వం ఇంకా రాలేదు."

కళ్ళు తుడుచుకున్నాడు.

"వ్లాస్తాకి మాత్రం చెప్పలేదు. ఆ పిల్ల ఏడుస్తూ, మా నాన్న ధైర్యం చేశాడు, అందుకే నాకు సీటు రాలేదు అనుకుంటుంటే, కాదమ్మా, ప్యాంటు జారింది అని ఏ తండ్రి చెప్తాడు చెప్పు?"

తేలు కుట్టిన దొంగలా రబ్బరు మొక్క కుండీ పక్కకి జరుపుతూ నిలబడ్డాను. బరువైన కుండీ.

జూన్ 8, శుక్రవారం, పొద్దున

ఓటింగు మధ్యాహ్నం రెండింటికి. టైముంది కాబట్టి రాస్తున్నాను.

కాఫీ తాగుతూ యార్మిలాకి గుండీ కథ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. చెప్పి, నేనే నవ్వుతూ, "మొత్తానికి ఆ రోజు తెర వెనక్కి వెళ్ళిన ఇద్దరిదీ బట్టల గొడవే! వాడికి ప్యాంటు, నీకు మేజోడు" అన్నాను.

యార్మిలా ఆ రోజు వెళ్ళింది. ఇంతవరకూ ఇక్కడ రాయలేదు కదూ. ఒల్ద్రిఖ్ కంటే ముందే, ఏడింటికి. హాల్లో నేనూ, పొయ్యి రాజేసుకుంటున్న ముసలాయన తప్ప ఎవరూ లేరు. మేజోడు జారిందని సర్దుకోవడానికి వెళ్ళింది. అందుకే రాయలేదు. మేజోడు సర్దుకోవడం రికార్డు చెయ్యాల్సిన విషయం కాదు.

తను కప్పు కింద పెట్టింది.

"ఏం మేజోడు?"

"జారిందన్నావుగా."

"అలా అంటూ నడిచాను. నీకు వినపడాలని కాదు, నా కాళ్ళకి ధైర్యం చెప్పుకోవడానికి. కనుబొమ్మల పెన్సిల్‌తో ఆ వెధవ పేరు ఈ చివర నుంచి ఆ చివరికి గీసేశాను ఆలోయిస్. మా అన్నయ్య పొలం లాక్కున్నవాడి పేరు. నీకు తెలుసుగా! తెలిసే నా పేరు రాయలేదుగా?"

నేను కాఫీలో చెంచా తిప్పాను.

"చైర్మన్ కంటపడ్డాడు కాబట్టి ఒల్ద్రిఖ్‌ని రాయక తప్పలేదు, నన్ను మాత్రం ప్రాణాలకి తెగించి దాచావు. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను. నీతో విసిగిపోయిన రోజుల్లో అది తలుచుకునే వంట చేశాను."

మొన్న నా తల ఎందుకు నిమిరిందో అర్థమైంది.

"ఆ రోజు పెట్టెలో కొట్టేసిన కాగితాలు ఎన్ని?" అంది.

"ఎన్నికల రహస్యం" అని టోపీ పెట్టుకుని వచ్చేశాను. హాలు తాళం తీసి ఇక్కడ కూర్చుని రాస్తున్నాను.

నేను మేజోడే అనుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

జనం విరగబడి వచ్చారు. ఓపిగ్గా వరసలో నిలబడ్డారు, ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళలో బ్యాండు లేకుండా, కార్నేషన్ పువ్వు చేతిలో పెట్టకుండా ఇంతమంది రావడం నేను చూడలేదు.

హుబాచ్కొవా అవ్వ మాత్రం తెర దగ్గర అడ్డం తిరిగింది. ఎనభై ఆరేళ్ళు, చేతికర్ర నేలకి కొట్టి అరిచింది.

"నేను వెనక్కి వెళ్ళను! నాకేం దాపరికం? అందరి ముందూ వేస్తాను!"

"చట్టం ఒప్పుకోదు అవ్వా. వెళ్ళాల్సిందే."

"ఒరే అబ్బాయ్, నన్ను బోల్తా కొట్టిద్దామనుకుంటున్నావా? నలభై ఏళ్ళు వెళ్తే తప్పన్నావు. ఇప్పుడు వెళ్ళకపోతే తప్పా? ఎల్లుండి మళ్ళీ మారిస్తే? అప్పుడు నీ పుస్తకంలో నా పేరు ఉండదూ?"

నీ పుస్తకం అంది. ఊళ్ళో ఎంతమందికి తెలుసో.

ఒల్ద్రిఖ్ లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "అవ్వా, నేను వెళ్ళొచ్చాగా. చూడు, బతికే ఉన్నాను. ఇప్పుడు మొత్తం ఊరు వెళ్తోంది. అందరూ వెళ్తే ఎవరి పేరని రాస్తారు?"

అవ్వ కాసేపు ఆలోచించి, "అదీ నిజమే" అని గొణుక్కుంటూ వెళ్ళింది. పావుగంట బయటికి రాలేదు. లోపలినుంచి, "ఇన్ని కాగితాలేంట్రా, పేకముక్కల్లాగా!" అని వినపడింది. వచ్చేటప్పుడు మొహం వెలిగిపోతోంది. పండగ రోజు పిల్లలా ఉంది.

ఇంటికి వస్తే పులుసులో ఉప్పు లేదు.

జూన్ 9, శనివారం

పొద్దున వస్తూనే తెలిసింది నిన్నటి నా నిర్వాకం. నా కోటు జేబులో చిన్న కాగితాలు, నా దస్తూరీలోనే. "2.10 వెటర్నరీ డాక్టరు, తెర వెనక, 1 ని. 2.12 పోస్టుమాస్టరు భార్య, తెర వెనక, 2 ని." అలా సాయంత్రం దాకా. చెయ్యి దానంతటది రాసింది. రెండు వందల తొంభై పేర్లు. మొత్తం ఊరిని రాసేశాను. చింపి పొయ్యిలో వేశాను. పొయ్యి వెలగడం లేదని తర్వాత గుర్తొచ్చి, మళ్ళీ తీసి అగ్గిపుల్ల గీశాను.

పదకొండింటికి యార్మిలా వచ్చింది. నీలం గౌను వేసుకుంది. తెర వెనక్కి వెళ్ళి వచ్చి, కవరు పెట్టెలో వేసి, నా బల్ల మీదకి వంగి మెల్లగా అడిగింది.

"ఎన్ని?"

"ఒకటి."

తను నిలబడిపోయింది. వెనక వరసలో వాళ్ళు చూస్తున్నారు.

"ఒక్కటేనా? అంటే అది నాదే. అంటే వాడు గీయలేదని నీకు... ఆలోయిస్, నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తాను."

ఇక్కడైనా నిజం రాయాలి. డెబ్బై ఆరులో ఆ సాయంత్రం కాగితం విప్పగానే నాకు తెలుసు. ఆ పెన్సిలు బ్ర్నో నగరంలో నేనే కొన్నాను, తన పుట్టినరోజుకి. జిడ్డు గోధుమరంగు, ఇంకెవరి దగ్గరా లేనిది. పక్కన చైర్మన్ నిలబడి, "ఎవడు?" అన్నాడు. ఒక కాగితం ఉంది కాబట్టి ఒక మనిషి ఉండాలి. ఒల్ద్రిఖ్ తెర వెనక్కి వెళ్ళడం అందరూ చూశారు. వాడి పేరు రాసి ఇచ్చాను. నాలుగు నిమిషాలు అని కూడా రాశాను. చూసింది రాశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నది అబద్ధం. చూసిందంతా రాయలేదు. భార్యని దాచడానికి స్నేహితుణ్ణి అప్పజెప్పాను.

రెండింటికి తలుపులు మూసే ముందు ఒల్ద్రిఖ్ అన్నాడు, "ఏమోయ్, అందరినీ పంపావు, నువ్వు వెయ్యవా?"

కాగితాలు తీసుకుని నడిచాను. పదకొండు అడుగులు. ఏడో అడుగు దగ్గర చెక్క కిర్రుమంది, కమిటీ అంతా తల ఎత్తారు. ఆ అడుగులు అంత దూరం ఉంటాయని నాకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా కొలిచిన నాకే తెలియదు.

బయటికి వచ్చి, కవరు పెట్టెలో వేసి, తలుపులు మూశాక, ఒల్ద్రిఖ్‌ని మెట్ల మీదకి పిలిచి చెప్పాను. పొద్దున కొట్టంలోంచి తెచ్చుకున్న డబ్బా కూడా ఇచ్చాను. ఓట్స్ పొట్టు అంటుకుని ఉంది.

వాడు మెట్టు మీద కూర్చుని ఆ పొట్టు దులిపాడు. తర్వాత, "అయితే పద్నాలుగేళ్ళుగా నా పేరు మీద ఊళ్ళో తిరుగుతున్న ధైర్యం మీ ఆవిడదన్నమాట" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"నన్ను కొట్టరా."

"కొట్టి ఏం చెయ్యను? బస్తాలు లెక్కపెట్టి లెక్కపెట్టి నా చేతులు అరిగిపోయాయి. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను. ఆ పిల్ల చదువు ఉంది చూశావూ, అది క్షమించడానికి నాది కాదు. దానికి నువ్వే చెప్పాలి. గుండీ సంగతి కూడా నువ్వే చెప్పు. నాకు చేతకాదు."

లోపలికి వెళ్ళి ఓట్లు లెక్కపెట్టాం. ఒక్క తేడా రాలేదు. గెలిచినవాళ్ళు కేకలు వెయ్యలేదు, ఓడినవాళ్ళు తగువు పెట్టుకోలేదు. కాగితం మీద ఇద్దరం పక్కపక్కన సంతకాలు పెట్టాం.

జూన్ 10, ఆదివారం

చెప్పాను. వ్లాస్తా చేతులు తుడుచుకుంటూ అంతా విన్నది. గుండీ దగ్గర ఒక్కసారి కళ్ళు మూసుకుంది. నేను చెప్పడం అయ్యాక, "రొట్టె లేదు" అంది.

వెనక అరల నిండా రొట్టెలు పొగలు కక్కుతున్నాయి.

"రేపు?"

"రేపూ లేదు. మీకు లేదు."

జూన్ 11

పక్క ఊరికి రొట్టె కోసం నాలుగు కిలోమీటర్లు. వాళ్ళ రొట్టె పులుపు.

జూన్ 12

పులుపే.

జూన్ 16

యార్మిలా ఎదురుగా కూర్చుని అంది, "ముగ్గురికి చెప్తే సరిపోదు. నోటీసు బోర్డు మీద రాసి పెట్టు. నీ అందమైన దస్తూరీతోనే. నా పేరు కూడా రాయి. పద్నాలుగేళ్ళు ఆలస్యమైనా రికార్డు సరిగ్గా ఉండాలిగా."

రాశాను. ఎనిమిది లైన్లు. అక్టోబరు 22, 1976. తెర వెనక్కి వెళ్ళినవారు ఇద్దరు. గుండీ తెగి పిన్నీసు పెట్టుకున్నవారు ఒల్ద్రిఖ్ షెబెస్తా. పేరు కొట్టేసినవారు యార్మిలా. తెలిసి తప్పు పేరు రాసినవారు, కింద సంతకం చేసినవారు. ఆఫీసు గోడకి ఖాళీగా ఉన్న మేకుకే తగిలించాను.

జూన్ 20

పోస్టాఫీసులో ఇద్దరు పలకరించలేదు. వెటర్నరీ డాక్టరు టోపీ తీసి యార్మిలాకి వంగి నమస్కారం పెట్టాడు. నా వైపు చూడలేదు. హుబాచ్కొవా అవ్వ మాత్రం వీధి మధ్యలో ఆపి, "ఒరే అబ్బాయ్, ఇన్నాళ్ళకి నీ చేతిరాత చదవబుద్ధి అయింది" అంది.

జూలై 1, ఆదివారం

వ్లాస్తా ఇంటికి వచ్చింది. చేతిలో రై రొట్టె, ఇంకా వెచ్చగా. నన్ను దాటుకుని యార్మిలాకి ఇచ్చింది.

"పిన్నీ, ఒకటి అడగనా? మీరు ఎలా నడిచారు?"

"ఠీవి ఏమీ లేదమ్మా. మోకాళ్ళు వణికాయి. మేజోడు, మేజోడు అని గొణుక్కుంటూ నడిచాను."

వ్లాస్తా ఆ మాట తనలో తను ఒకసారి అనుకుంది. తర్వాత ఇద్దరూ పెద్దగా నవ్వారు, ఏడ్చారు కూడా. నేను కుందేళ్ళకి మేత వెయ్యడానికి వెళ్ళాను. వచ్చేసరికి నా కంచం పక్కన రొట్టె ముక్క ఒకటి పెట్టి ఉంది. యార్మిలా పెట్టింది. వ్లాస్తా చూస్తూ ఊరుకుంది. అది చాలు.

సెప్టెంబరు 12

వ్లాస్తా పట్నంలో సాయంత్రం హైస్కూల్లో చేరింది. పెద్దవాళ్ళ తరగతి. ఒల్ద్రిఖ్ చెప్పాడు. మేమిద్దరం ఇప్పుడు వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం. ఫర్వాలేదు, వాతావరణం బాగుంది.

నవంబరు 24, శనివారం

ఊరి ఎన్నికలు. యార్మిలా పోటీ చేసింది. నేను కమిటీలో లేను. వాళ్ళు రమ్మనలేదు, నేనూ వస్తాననలేదు. బల్ల దగ్గర వ్లాస్తా కూర్చుని ఉంది. నా పేరు జాబితాలో వెతికి, టిక్కు పెట్టి, కాగితం చేతికి ఇచ్చింది.

"వెనక్కి వెళ్ళండి, బాబాయ్" అంది.

అయిదు నెలల తర్వాత ఆ పిలుపు. పదకొండు అడుగులూ ఎలా నడిచానో తెలియదు. లోపల పెన్సిలు ఉంది, చక్కగా చెక్కి, దారంతో కట్టి.

రాత్రి భోజనాల దగ్గర యార్మిలా అడిగింది, "నాకు వేశావా?"

"చెప్పను" అన్నాను.

చెంచాతో నా చేతి మీద ఒకటి వేసింది, నవ్వుతూ.

ఇక్కడ కూడా రాయను.